మగ్గం దగ్గర పెరుగు ముద్ద

ఎండలు ముదరకముందు మా చీరాలలో సాయంత్రంపూట గాలి రెండు వైపుల నుంచీ వస్తుంది. వాడరేవు వైపు గాలి ఉప్పగా, తడిగా ఉంటుంది. పడమటి గాలి మిరపకల్లాల మీదుగా వస్తుంది కాబట్టి వస్తూ వస్తూ ఒక తుమ్ము తెస్తుంది. నాకు ఒంట్లో బాగోలేని రోజుల గురించి ఎవరైనా అడిగితే మందుల పేర్లు చెప్పలేను. రిపోర్టుల్లో ఏం రాశారో అంతకన్నా చెప్పలేను. ఆ రెండు గాలులు మాత్రం గుర్తున్నాయి. మగ్గం గదిలో చాప మీద పడుకుని, కళ్లు మూసుకుని, ఇప్పుడు వచ్చింది ఏ గాలో చెప్పుకోవడమే అప్పట్లో నాకున్న పని.

ఆ గది కప్పులో ఒక అద్దం పెంకు ఉంది. అందులోంచి పడే ఎండ పొద్దుటినుంచి మెల్లగా జరుగుతూ సాయంత్రానికి గోడెక్కుతుంది. నీరసం ఎక్కువైన రోజు నిద్రకీ మెలకువకీ తేడా తెలిసేది కాదు. గుంటమగ్గంలో కూర్చుని మా ఆయన నేస్తుంటే పేకనూలు మోసుకుని నాడె అటూ ఇటూ పరిగెత్తే చప్పుడు కొంతసేపటికి నా లోపలినుంచే వస్తున్నట్టుండేది. పక్కనే నా మగ్గం ఖాళీగా ఉండేది. సగం నేసిన నా చీర మీద దుమ్ము పడకుండా పాత పంచె ఒకటి కప్పారు. ఆ పంచె చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మనిషి బతికుండగా చీరకు ముసుగేమిటి?

మా అత్తయ్యది చిన్న ఆకారం, పెద్ద గొంతు. వంటింట్లోంచి పిలిస్తే నాలుగిళ్ల అవతల కోడళ్లు కూడా "వస్తున్నా" అనేవాళ్లు. ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటి మా ఇంట్లో ఉంది. మగ్గం మీద తెల్లచీర ఉన్నన్నాళ్లూ నేసేవాళ్లు అన్నానికి లేవరు. కూర కలిపిన చేతిని ఎంత రుద్ది కడిగినా పసుపు పూర్తిగా వదలదు. ఆ మరక తెల్లనూలుకు అంటిందా, చీర పాడైనట్టే. అందుకని అత్తయ్యే అన్నం కలిపి గిన్నెతో వచ్చి, మగ్గం గుంట పక్కన గొంతుక్కూర్చుని మా నోట్లో ముద్దలు పెడుతుంది. పప్పు ముద్ద, పచ్చడి ముద్ద, చారు ముద్ద, ఆఖరున పెరుగు ముద్ద. కాపురానికొచ్చిన కొత్తలో నాకు సిగ్గేసింది. ఇంత వయసొచ్చి నోట్లో పెట్టించుకోవడం ఏమిటని మొహం తిప్పుకున్నాను.

"సిగ్గుపడితే చీర అవ్వదమ్మాయ్, నోరు తెరువు" అంది అత్తయ్య.

తెరిచాను. ఆ పెరుగు ముద్దలో కాస్త ఉప్పు, చిన్న అల్లం ముక్క, పక్కన కొసరుగా పచ్చడి. అది నోట్లో పడ్డాక చేతులు వాటంతట అవే నేసేవి. తెల్లచీర ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే కోడలిని మా వీధిలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మా పుట్టిల్లు పొదిలి. మెట్ట ఊరు. తాతల నాడే మావాళ్లు మగ్గం వదిలి నేల పట్టుకున్నారు. సజ్జలు, కందులు, అలసందలు పండిస్తారు. రెండిళ్లలోనూ నీచు ముట్టరు. తేడా అల్లా పోపులోనే. వెల్లుల్లి పడనిది అదేం పోపని మా అమ్మ అంటుంది. అత్తయ్యకు ఎప్పటిదో మొక్కు, ఆవిడ వంటింట్లోకి వెల్లుల్లి రాదు. ఆ లోటు ఇంగువ తీరుస్తుంది. ముద్ద ఇంగువలోంచి ఒక ముక్క గిల్లి గిన్నెడు నీళ్లలో నానేసి, ఆ నీళ్లు పప్పులో, చారులో, పులిహోరలో, పచ్చట్లో పోస్తుంది. మా వంటయిందని వీధి మొదట్లోనే తెలిసేది.

జబ్బు దొంగలాగా వచ్చింది. ముందు కడుపుబ్బరం, తర్వాత నీళ్ల విరేచనాలు, తర్వాత తిన్నదేదీ ఒంటికి పట్టకపోవడం. మగ్గం కింద చెక్క తొక్కడానికి కాలు లేవని రోజు మా ఆయన నన్ను గుంటూరు తీసుకెళ్లాడు. పరీక్షలన్నీ చేసి డాక్టరుగారు తేల్చిందేమిటంటే, గోధుమపిండికి ఉండే జిగురు నా పేగుకు పడదట. లోపలి పొర అరిగిపోయిందట. గోధుమ ఏ రూపంలోనూ ముట్టుకోకూడదు. ఆ పొర మళ్లీ పెరిగేదాకా పాలూ, పెరుగూ కూడా అరగవు, మానెయ్యాలి.

"రక్తం బాగా తక్కువగా ఉంది. మాంసం తింటారా?" అన్నారు.

"తినమండి."

"పోనీ, గుడ్డు?"

తల అడ్డంగా ఊపాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే పప్పులు, ఆకుకూరలు, నువ్వులు మందుల్లాగా తినాలమ్మా. ఒక పూట కూడా తప్పకూడదు" అన్నారు.

మా పక్కింటావిడ మాత్రం వాడరేవు నుంచి చేపలు తెప్పిస్తానని, పులుసు పెట్టి కళ్లు మూయించి తాగిస్తే నాలుగు రోజుల్లో లేచి కూర్చుంటానని గుమ్మంలో నిలబడి చెప్పింది. నాది పుణ్యం కోసం పట్టుదల కాదు. గొంతు దిగదు, అంతే. దిగని దాన్ని పట్టుకుని మందంటే ఏం చేస్తాను?

అత్తయ్య గోధుమ మీద యుద్ధానికి దిగింది. మామయ్యకు షుగరు కాబట్టి మా ఇంట్లో సాయంత్రాలు చపాతీ. ఆ పెనం, పీట, కర్ర అన్నీ పెరట్లోకి పోయాయి. ఉప్మారవ్వ డబ్బా, బిస్కెట్లు, సేమ్యా అన్నీ వీధిలో పంచేసింది. నాకోసం విడిగా గిన్నెలు కొన్నది. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం మునగాకు పప్పు, నువ్వులపొడి, సాయంత్రం అలసందల కూర. పసిపిల్లకు పెట్టినట్టు పక్కన కూర్చుని తినిపించేది. కడుపు కోసమని పొద్దునా సాయంత్రం వేడినీళ్లలో ఇంగువ కరిగించి తాగించేది.

"ఇంగువ పడితే రాయైనా అరుగుతుంది, తాగు" అనేది. నొప్పి తగ్గలేదంటే మరుసటిరోజు ఇంకాస్త పెద్ద ముక్క గిల్లేది.

తగ్గలేదు. చూసి చూసి అమ్మ నన్ను పొదిలి తీసుకుపోయింది. అక్కడ ఏముంది? కొర్రన్నం, సజ్జరొట్టె, వెల్లుల్లి కారం, కందిపప్పు, తోటకూర. పత్తి లారీలు పోయే రోడ్డు పక్కన మా ఇల్లు. లారీల మీంచి రాలిన దూది ముళ్లకంపకు చిక్కుకుని గాలికి ఊగుతూ ఉండేది. అరుగు మీద కూర్చుని దాన్ని చూస్తూ చూస్తూ ఉండగానే నా కడుపు ఊరుకుంది. ఒకరోజు నాకు ఆకలేసింది. ఆకలి అంటే ఎలా ఉంటుందో మరిచిపోయానేమో, ముందు దాన్నీ నొప్పే అనుకున్నాను. అమ్మ రొట్టె చేతిలో పెట్టి ఏడ్చింది.

బాగయ్యానని చీరాల వచ్చాను. మళ్లీ పడ్డాను. మళ్లీ పొదిలి, మళ్లీ కోలుకోవడం, మళ్లీ చీరాల, మళ్లీ చాప. ఇక ఊళ్లో వాళ్లందరూ డాక్టర్లయ్యారు. సముద్రం పక్క నీళ్లు పడలేదన్నారు కొందరు. పొదిలి నీళ్లు మంచివని ఎవరైనా అంటే అక్కడివాళ్లు ఫ్లోరైడుకు గారపట్టిన పళ్లు చూపించి నవ్వుతారు, అయినా మా ఆయన డబ్బాలతో అవే మోసుకొచ్చాడు. దిష్టి అన్నారు, నిమ్మకాయలు తిప్పి పడేశారు. ఆఖరికి మా అమ్మ ఫోన్‌లో అననే అన్నది.

"నీ అత్త చెయ్యి నీకు పడట్లేదే. వేరే పొయ్యి పెట్టుకో."

స్పీకరులో ఉంది ఫోను. అత్తయ్య గుమ్మంలో మునగాకు దూస్తోంది. ఆకు దూయడం ఆపలేదు. నాకైతే ఆవిడ అరిస్తే బాగుండుననిపించింది.

మా వీధిలో ఒకే కప్పు కింద రెండో పొయ్యి వెలిగిందంటే దానికి ఒకటే అర్థం, కోడలు వేరుపడింది. కారణం ఎవరూ అడగరు. అత్త చేతి అన్నం కోడలికి విషమైందని చెప్పుకుంటారు. ఆ మాట ఆవిడ మీద పడకూడదు, నేను చావకూడదు. నాకు ఒళ్లూ కావాలి, ఆవిడ చేతి ముద్దా కావాలి. రెండూ కావాలనడం అత్యాశన్నట్టు చూశారు అందరూ. కావాల్సిన వాటిని కావాలనుకోవడం అత్యాశ ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

పండుమిరపకాయలు వచ్చే రోజుల్లో అమ్మ దిగింది. ఒక చేతిలో సంచినిండా ఎర్రటి పండుమిరపకాయలు, ఇంకో చేతిలో అట్టపెట్టె. పెట్టెలో ఒంటి బర్నరు గ్యాసుపొయ్యి. ఆ పెట్టెను తెచ్చి వసారాలో నడిమధ్య పెట్టింది.

"తప్పుగా అనుకోకండి వదినగారూ. నాకు పిల్ల ప్రాణం ముఖ్యం" అంది.

"నాకు కాదా వదినగారూ?" అంది అత్తయ్య. సంచి తన వైపు లాక్కుని, "కాయలు వాడిపోతాయి. ముందు పచ్చడి పడదాం. పొయ్యి సంగతి అన్నాలయ్యాక చూద్దాం" అంది.

ఆ ఏడాది ఎండ పల్చగా, తేనెరంగులో ఉన్నట్టు గుర్తు. ఇద్దరూ కాయలు తుడిచి తొడిమలు తీస్తున్నారు. వసారా అంతా ఎర్రగా ఉంది. పండుమిరప పచ్చడికి మామూలు కన్నా ఇంగువ బాగా పట్టాలని అత్తయ్య ఉసిరికాయంత ముద్ద తీసి, గ్లాసుడు నీళ్లలో వేసి సన్న సెగ మీద పెట్టింది. ఈలోగా వీధిలోంచి పిలుపొచ్చింది. బయట పడుగు నూలు బారుగా సాచి ఉంది. నూలు తెగకుండా నేతకు ముందు పడుగుకు బియ్యపు గంజి పట్టించాలి. గంజి పాకం కుదిరిందో లేదో మా వీధిలో అత్తయ్య చెప్పాల్సిందే. ఆవిడ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గంజి చుక్క పెట్టి, వేళ్లు విడదీసి చూస్తుంది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. పలచగా ఉందని ఒకసారి, ముద్దగా ఉందని ఒకసారి అరిచి, మూడోసారి తలూపి లోపలికి వచ్చేసరికి పొయ్యి మీద ఇంగువ సంగతి అందరం మరిచిపోయాం.

"ఇదేంటే, గరిటె నిలబడింది" అంది వంటింట్లోంచి.

నేను గోడ పట్టుకుని వెళ్లాను. ఇంగువ నీళ్లు గిన్నెలో చిక్కటి ముద్దగా అయ్యాయి. అత్తయ్య ఒక చుక్క తీసుకుంది. వాసన చూడలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి వేళ్లు విడదీసింది. అది తీగలా సాగింది. ఇంకా విడదీసింది. ఇంకా సాగింది.

"అమ్మాయ్, ఇది గంజి."

"ఇంగువ కదా అత్తయ్యా?"

"ఇంగువేనమ్మా. ఇంగువలో గంజి ఉంది. బియ్యపు గంజి ఇంత సాగదు, పుటుక్కున తెగుతుంది. మా చిన్నప్పుడు బియ్యం దొరక్క మైదా కాచి పడుగుకు పట్టేవాళ్లు. చేతికి ఇదిగో ఇట్లాగే అంటుకునేది, కడిగినా పోయేది కాదు." ఆవిడ గొంతు తగ్గిపోయింది. "డాక్టరు జిగురన్నాడు కదే?"

ఆ గిన్నె అలాగే పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరి కిరాణా కొట్టుకు పోయింది. నేనూ అమ్మా వెనకే వెళ్లాం. కొట్టతను గిన్నెలోకి చూసి తేలిగ్గా అన్నాడు.

"అవునండి పిన్నిగారూ, గోధుమపిండి కలుపుతారు. ఉత్త ఇంగువైతే నోట్లో పెట్టగలమా? ఎప్పటినుంచో ఉన్నదేగా!"

నాకు ముందు నవ్వొచ్చింది. గోధుమ అన్న మాట వినపడితే చాలు కర్రతో సహా పెరట్లోకి విసిరిన మనిషి, పొద్దునా సాయంత్రం నాకు గోధుమ కరిగించి తాగించింది. నా మీద ప్రేమ ఎక్కువైనకొద్దీ ముక్క పెద్దదయింది. నవ్వుతూనే అత్తయ్య వైపు చూశాను. చూశాక నవ్వు రాలేదు.

ఇంటికొచ్చాక అమ్మే మెత్తబడింది. "పోనీలెండి వదినగారూ, మీ చెయ్యి తప్పు కాదని తేలింది కదా!" అంది.

"చెయ్యి తప్పే వదినగారూ" అంది అత్తయ్య. "గిల్లి వేసింది ఈ చెయ్యేగా? చాల్లేదని మళ్లీ మళ్లీ వేసింది."

వసారాలోకి వెళ్లి ఆ అట్టపెట్టెను తనే విప్పింది. పొయ్యిని తీసి, పైట చెంగుతో తుడిచి, వంటింటి రెండో మూలలో పెట్టింది. "వండుకో అమ్మాయ్. నీ గిన్నెలు నువ్వే కడుక్కో. నా చెయ్యంటే నాకే నమ్మకం పోయింది" అంది. నేను వద్దన్నాను. అమ్మ కూడా, ఏ పొయ్యి కోసం బస్సెక్కి వచ్చిందో ఆ పొయ్యినే వద్దన్నది. ఆవిడ వినలేదు.

అలా నేను వేరుపడ్డాను. పొద్దున్నే లేచి నా పొయ్యి మీద కొర్రలు ఉడికించుకునేదాన్ని. కందిపప్పులో తోటకూరో మునగాకో లేకుండా పూట గడిచేది కాదు. నువ్వులు వేయించి దంచుకున్న పొడి, వేరుశనగ పచ్చడి, నానబెట్టిన అలసందల వడలు, ఉలవచారు, ఆకుకూరల మీద నిమ్మకాయ పిండుకోవడం, ఇవన్నీ నా చేతికి అలవాటయ్యాయి. ఇంగువ మా గుమ్మం మళ్లీ తొక్కలేదు. ఒళ్లు తిరిగి రావడం చిత్రంగా ఉంటుంది. ముందు గోళ్లకు రంగొచ్చింది. తర్వాత మెట్లెక్కుతుంటే ఆయాసం రావడం మానింది. ఒక పొద్దుట నిద్రలేచి, అద్దం పెంకులోంచి పడిన ఎండను పడుకునే చూస్తూ, నాకు ఎక్కడా నొప్పి లేదని గమనించాను. ఆ రోజే వెళ్లి నా చీర మీద పంచె లాగేశాను.

ఒళ్లు వచ్చింది, ఆవిడ చేతి ముద్ద పోయింది. అత్తయ్య నా ఉప్పు డబ్బా కూడా ముట్టుకునేది కాదు. గడప అవతల నిలబడి "తిన్నావా?" అని అడిగేది, అంతే. తెల్లచీరలు ఎక్కిన రోజు గిన్నెతో వచ్చి, మా ఆయనకు ముద్దలు పెట్టి, నా మగ్గం పక్కనుంచే తలొంచుకుని వెళ్లిపోయేది. నేను నా మగ్గం గుంటలోంచి లేచి, నా అన్నం నేనే చెంచాతో తిని, మళ్లీ కూర్చునేదాన్ని. నాకు చాలా కోపం వచ్చేది. జబ్బు మీద కూడా నాకు అంత కోపం రాలేదు. జబ్బయితే ఎటూ తగ్గుతుంది, లేదా మనిషిని తీసుకుపోతుంది. ఇది రెండూ చెయ్యదు.

తర్వాత గుంటూరు వెళ్లినప్పుడు డాక్టరుగారు సంతోషించారు. లోపలి పొర బాగా పెరిగిందని, పెరుగు కొద్దికొద్దిగా మొదలుపెట్టి చూడమని చెప్పారు. ఇంటికొచ్చి అందరూ ఉండగా ఆ మాట గట్టిగా చెప్పాను. అత్తయ్య విన్నది. పాలు తోడు పెట్టడానికి లోపలికి వెళ్లింది.

మరునాడు పొద్దున్నే నేను వంట చెయ్యలేదు. వీధిలో ఎవరిదో పడుగు సాచి ఉంటే, వాళ్ల గంజికుండ తెచ్చి నా పొయ్యి మీద పెట్టించాను. మగ్గం మీద తెల్లచీర. గుంటలోకి కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం గిన్నెతో అత్తయ్య వచ్చింది. మా ఆయనకు పప్పు ముద్దలు, చారు ముద్దలు, పెరుగు ముద్దలు పెట్టి లేచింది. నా పక్కకు రాగానే నేను నాడె ఆపేశాను. గదిలో చప్పుడు సగమైపోయింది.

"అత్తయ్యా, నాకు?"

"నీ పొయ్యి మీద నువ్వు వండుకున్నావుగా?"

"నా పొయ్యి మీద గంజి కాగుతోంది. ఇవాళ నాకు అన్నం లేదు."

ఆవిడ వంటింటి వైపు చూసి, నా వైపు చూసింది. "ఏమన్నా అయితే?" అంది. గొంతు నాకు కూడా సరిగ్గా వినపడనంత చిన్నగా ఉంది.

"అయితే పొదిలి పోతాను. బాగై వచ్చి మళ్లీ నోరు తెరుస్తాను."

"వద్దమ్మాయ్..."

"భయపడితే చీర అవ్వదత్తయ్యా, పెట్టండి."

ఆవిడ వెళ్లి చెయ్యి కడుక్కొచ్చింది. ఆ చేతినే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. గుంట పక్కన గొంతుక్కూర్చుని, పిచ్చుకకు కూడా చాలనంత పెరుగన్నం వేళ్ల చివరన తీసింది. నేను నోరు తెరిచాను. పులుపు, ఉప్పు, అల్లం. కళ్లు వాటంతట అవే మూసుకుపోయాయి. కిటికీలోంచి గాలి వచ్చింది కానీ, అది ఏ వైపుదో నేను చెప్పలేకపోయాను.

కళ్లు తెరిచేసరికి అత్తయ్య నా మొహంలోకే చూస్తోంది. నేను మళ్లీ నోరు తెరిచాను. ఈసారి ముద్ద పెద్దదిగా వచ్చింది. అది నోట్లో ఉండగానే ఆవిడ పాత గొంతు నాలుగిళ్ల అవతలికి వినపడేలా లేచింది.

"మింగుతూ కూర్చుంటావేంటే, నాడె ఆడించు!"